పన్నెండో అంతస్తులో ముద్దాయి

మా మామగారు సెషన్స్ జడ్జిగా రిటైరయ్యారు. మతిమరుపు ముదిరాక ఆయన్ని దేశం దాటించి జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. టిఫినవగానే డైనింగ్ టేబుల్ దగ్గర కోర్టు పెట్టేవారు. అల్లుణ్ణి గనక బంట్రోతు ఉద్యోగం నాకు దక్కింది.

ఆయన పిలిపించేది ఒక్కణ్ణే. శ్రీకాకుళంలో తాను యావజ్జీవం వేసిన అప్పన్నని. అతను జైల్లోనే పోయాడు. అసలు హంతకుడు ఆ తరవాత దొరికాడు.

"శిక్ష చదవగానే 'నానేటి సేసినాను బాబూ?' అని అడిగాడయ్యా. నేను తలెత్తలేదు" అనేవారు మామగారు.

ఒకరోజు ఎప్పట్లాగే తలుపు తీసి, కారిడార్లోకి కేకేశాను. "ముద్దాయి అప్పన్నా!"

"ఆఁ, వత్తన్నానండి!"

లిఫ్టు వైపు నుంచి నిచ్చెన మోసుకుంటూ ఒకతను వచ్చాడు. మా ఏసీ బాగుచెయ్యడానికి కంపెనీ పంపిన మెకానిక్. శ్రీకాకుళం వైపు వీధికో అప్పన్న ఉంటాడని తెలుసు గానీ, పిలిస్తే పన్నెండో అంతస్తుకి వస్తాడని తెలీదు.

మామగారు లేచి నిలబడి చేతులు జోడించారు. "అప్పన్నా, నువ్వేమీ చెయ్యలేదు. తప్పు నాది. నిన్ను విడిచిపెడుతున్నాను, వెళ్ళు."

"మరి ఏసీ సూడొద్దేటండి?" అన్నాడతను బెదురుగా.

ఏసీ బాగైంది. మామగారు మళ్ళీ కోర్టు పెట్టలేదు. నా ఉద్యోగం పోయింది.

ఆ రోజు వెళ్ళబోతూ అప్పన్న గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ నానేటి సేసినాను బాబూ?"

నేనూ తలెత్తలేకపోయాను.

మామగారికిప్పుడు నిద్ర పడుతోంది. కారిడార్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవడం మాత్రం నేను మానేశాను.