మా డిస్కు ప్లేయరులో ఆదివారం ప్రార్థన

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. నమ్మేంత తీరికా లేదు. కోట ఊళ్ళో కుట్టు మిషను పని చేసుకుంటూ, మా అత్త కరుణమ్మ మోకాళ్ళకు రెండు పూటలా తైలం రాసేదాన్ని, కనబడని వాటి గురించి ఎక్కడ ఆలోచిస్తాను? కనబడే డిస్కు ప్లేయరు పెట్టే వేధింపే నాకు చాలు.

పెళ్ళి డిస్కులు చూసుకోవచ్చని మా ఆయన దాన్ని కొన్నాడు. డిస్కు వేస్తే చక్కగా ఆడుతుంది. దానికి వైఫై కూడా ఉంది; ఆ వైఫై మీద ఏదైనా వీడియో పెట్టామా, దాని వేషాలు మొదలు. తెర మీద చక్రం తిప్పి తిప్పి, చివరికి నెట్‌వర్క్ లేదంటుంది. అదే వైఫై మీద నా ఫోను నిక్షేపంలా పనిచేస్తుంటుంది. రౌటరును కిటికీలో పెట్టాను, బీరువా ఎక్కించాను, ఒకసారి వీధిలోకి విసిరేద్దామని చేతిలోకి కూడా తీసుకున్నాను.

చర్చికి నడవలేని అత్త ఆదివారం ఆరాధన ఈ ప్లేయరు తగిలించిన టీవీలోనే చూసేది. ఫోనులో అంత చిన్న బొమ్మ ఆమె కంటికి ఆనదు. పాస్టరయ్యగారు తన ఫోనే స్టాండుకు తగిలించి లైవు పెడతారు. పాటలొస్తాయి, వాక్యం వస్తుంది. రోగుల పేర్లు చదివి ప్రార్థన మొదలుపెట్టేసరికి ఈ పెట్టె ఆగిపోతుంది. ప్రతి వారం అక్కడే! ముసుగేసుకుని కళ్ళు మూసుకున్న అత్త, "ఏమ్మా, అయ్యగారు ఊరకుండిపోయినారే?" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

నెల్లూరులో మోకాలి ఆపరేషనుకు రెండుసార్లు రోజు ఖాయం చేస్తే రెండుసార్లూ భయపడి మానుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే మంచం దిగలేదని డాక్టరు తేల్చి చెప్పారు. మూడోసారి సోమవారానికి రమ్మన్నారు. శనివారం సాయంత్రం అత్త మళ్ళీ మొండికేసింది.

"అయ్యగారు చర్చిలో నా పేరెత్తి ప్రార్థన చెయ్యాల. సంఘమంతా ఆమేన్ అనాల. అది నా చెవులతో వింటేనే వస్తా."

అయ్యగారిని ఇంటికే పిలుస్తానన్నా ఒప్పుకోలేదు. కోపం దిగమింగుకుని ఆయన ఫోనుకు మెసేజ్ పెట్టాను.

ఆదివారం పాటలు, వాక్యం ఆగుతూ ఆగుతూ వచ్చాయి. ప్రార్థన మొదలవగానే నేనూ కొంగు కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. అయ్యగారి గొంతే. మధ్యలో ఆయనకు అలవాటైన చిన్న దగ్గు కూడా వినబడింది. "రేపు ఆపరేషనుకు వెళ్తున్న మా సహోదరి కరుణమ్మ భయాన్ని తీసివేయండి ప్రభువా." ఒక్క ముక్క తెగలేదు. ఈ పెట్టెకు ఇవాళ బుద్ధెట్లా వచ్చిందా అని కళ్ళు తెరిచాను.

టీవీలో నెట్‌వర్క్ లేదన్న నీలం తెర ఉంది. ప్రార్థన సాగుతూనే ఉంది. చివర సంఘమంతా ఆమేన్ అంది. అత్త కూడా అని, కళ్ళు తుడుచుకుని, "బట్టలు సర్దమ్మా" అంది. నేను లేచి టీవీ కట్టేశాను. ఆమెకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆపరేషను బాగా జరిగింది. నాలుగో రోజు అయ్యగారు ఆసుపత్రికి వచ్చి, నన్ను వరండాలోకి పిలిచి నొచ్చుకున్నారు.

"ఏమీ అనుకోవద్దమ్మా. ఆదివారం పొద్దున్నే చిట్టమూరులో ఒకరు చనిపోతే భూస్థాపనకు పోవాల్సి వచ్చింది. ఫోను నా దగ్గరే ఉండిపోయింది, లైవు లేదు. చర్చిలో పెద్దలు పాటలు పాడి ముగించినారంట. నీ మెసేజ్ సాయంత్రం చూసినాను."

అంతకు ముందు వారం వీడియో దానంతటదే వచ్చి ఉంటుందని మా ఆయన అంటాడు. పాటలు, వాక్యం పాతవే కావచ్చు, కాదనను. కానీ ఆ ముందు వారానికి ఆపరేషను ఎప్పుడో మాకే తెలియదు.

మొన్న అత్త కర్ర పట్టుకుని చర్చికి నడిచింది. సాక్ష్యం చెప్పడానికి లేచి, "ఆ ఆదివారం అయ్యగారు నా పేరెత్తి ప్రార్థన చేసినారు, మీరంతా ఆమేన్ అన్నారు, దాంతోనే నా భయం పోయింది" అని అందరికీ చేతులు జోడించింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కాదనలేదు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపారు. "ఆ రోజు మీరు విన్నది ఎవరి గొంతమ్మా?"

"మీదే అయ్యగారూ," అన్నాను.

ఆయన ఇంకేమడిగినా, నాకు అంతకుమించి తెలియదు.