రంగం చాకు

మొన్న ఆదివారం మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, కోనసీమ నుంచి బస్సెక్కి రాజమండ్రి వచ్చి, సంచిలోంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు బల్ల మీద పెట్టింది. మా తోడల్లుడు పోయి మూడు నెలలైంది. ఆయన దాచుకున్న మడత చాకులు ఇంట్లో ఎవరికీ అక్కర్లేదట, నా దగ్గరుంటే బాగుంటాయని తెచ్చిందట. మూత తీసి పదమూడు చాకుల్లోనూ నేను మొదట వెతికింది ఒక్కదాని కోసమే. దొరికింది. విప్పి చూస్తే అలుగు, అంటే కోసే రేకు, నల్లగా ఉంది. ఏడేళ్ల కిందట నేనే చేజేతులా తెల్లగా తోమిచ్చిన చాకు అది.

నా ఈడువాళ్లకి మడత చాకు గురించి వేరే చెప్పనక్కర్లేదు. లాల్చీ జేబులో తాళంచెవుల పక్కన చాకు లేని పెద్దమనిషి మా చిన్నప్పుడు అరుదు. మామిడికాయ కోసినా, ఉత్తరం కవరు చింపినా, వక్క చెక్కినా అదే. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను కనుక పెన్సిళ్లు చెక్కీ చెక్కీ చాకుల మీద మోజు పుట్టిందనుకోవచ్చు. అరటితోటలు చూసుకునే మా తోడల్లుడికి ఎందుకు పుట్టిందో మాత్రం తెలియదు. ఆయన పెళ్లయిన కొత్తలో, మా అత్తవారి వరండాలో ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో తోచక మొహమొహాలు చూసుకుంటూ కూర్చున్నప్పుడు, ఆయన జేబులోంచి చాకు తీసి గోరు గీసుకోవడం మొదలెట్టారు. నేనూ నా జేబులోది తీశాను. అంతే, ఆ తరవాత పాతికేళ్ల పైచిలుకు మాకు మాటలకి కరువు రాలేదు.

పాత ఇనప సామాన్ల కొట్లన్నీ గాలించేవాళ్లం. కోరుకొండ తీర్థానికి నలుగురం వెళ్లేవాళ్లం. అక్కచెల్లెళ్లిద్దరూ ఆయాసపడుతూ కొండ మెట్లెక్కి నరసింహస్వామి దర్శనం చేసుకొచ్చేసరికి, మేమిద్దరం కింద చాకులవాడి గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ టక్కుమని మూసి ఆ చప్పుడు వింటూ ఉండేవాళ్లం. ఇంత దూరం వచ్చి దేవుడికి మొహం చూపించలేదని వాళ్లు తిట్టిపోసేవారు. ఆ తిట్లు తినడం కూడా నాకు బాగానే ఉండేది.

ఆయన చాకులన్నిటిలోకీ ఘనమైనది రంగం చాకు. వాళ్ల తాతగారు కాకినాడలో ఓడెక్కి రంగం, అదే బర్మాలోని రంగూను, వెళ్లి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి, తిరిగొస్తూ తెచ్చుకున్నదట. దుప్పికొమ్ము పిడి. తాతగారూ, ఆయన తరవాత తండ్రిగారూ రోజూ వక్క చెక్కగా అలుగు సగానికి అరిగి, వక్క పసరుకి సిరా పూసినట్టు నల్లబడింది. మడత దగ్గర మేకు వదులైందని, నా చెయ్యి మంచిదని, దాన్ని నాకిచ్చి బిగించి పెట్టమన్నారు. బిగించి ఊరుకుంటే సరిపోయేది. కాగితం మీద చిన్న మరక కనిపించినా ఓర్వలేని డ్రాయింగు మాస్టరు బుద్ధి కదా, చింతపండూ ఇటికపొడీ వేసి ఒక మధ్యాహ్నమంతా తోమాను, పైగా సాన కూడా పట్టాను. కొత్తదానిలా మెరిసింది. ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఆయన చేతిలో పెట్టాను. ఆయన విప్పి చూసి, అలుగు మీద బొటనవేలు ఒకసారి రాసి, బాగుందండీ అన్నారు. భోజనానికి ఉండమంటే ఉండలేదు.

మేం దెబ్బలాడుకోలేదు. పెళ్లిళ్లలో కలిసేవాళ్లం, వంట్లో ఎలా ఉందని అడిగేవారు, కాపు ఎలా ఉందని అడిగేవాణ్ణి. చాకుల మాట మాత్రం ఎత్తేవారు కాదు. తీర్థానికి రమ్మంటే పొలం పని ఉందన్నారు. సంగతి మా ఆవిడకి అర్థమైంది. "అది మురికి కాదండీ, వాళ్ల నాన్నగారి చేతి నలుపు. వెళ్లి ఒక్క మాట చెప్పి రండి" అంది. తప్పు నాదేనని అప్పటికే తెలుసు నాకు. కానీ శుభ్రం చేసిచ్చినందుకు క్షమాపణ చెప్పుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. తరవాత ఆవిడ పోయింది. ఆ రోజంతా ఆయన నా పక్కనే బల్ల మీద కూర్చున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు, ఈసారి కలిసినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఈ నలుపు మళ్లీ ఎలా వచ్చిందని మరదల్ని అడిగాను. కాఫీ గ్లాసు కింద పెట్టి మొదలెట్టింది.

"దాని గోల చెప్పకండి బావగారూ. డాక్టరుగారు వక్క మానెయ్యమన్నాక కూడా రోజూ కూర్చుని చెక్కేవారండి, చుట్టుపక్కలవాళ్లకి పంచిపెట్టడానికి. కూరకి అరటికాయలు కూడా దాంతోనే తరుగుతాననేవారు. కత్తిపీట ఉండగా ఇదేంటండీ, మూడు కాయలకి గంట పడుతోంది, పొయ్యి మీద నూనె మాడిపోతోంది అని నేను గోలెట్టేదాన్ని. వింటేనా! ఇంకొంచెం నల్లబడనియ్యవే, పట్టుకెళ్లి అన్నయ్యగారికి చూపిస్తాను, పాపం తోమేసినందుకు ఆయన లోపల్లోపల బాధపడుతూ ఉంటారు అనేవారండి."

సాయంత్రం ఆవిణ్ణి బస్సెక్కించి ఇంటికొచ్చాను. పక్క పోర్షన్లో టీవీ మోగుతోంది, నా గదిలో నేనూ, రెండు డబ్బాల చాకులూ. ఇప్పుడెవరి జేబులోనూ చాకు ఉండదు. ఉంటే సినిమా హాలు గుమ్మం దగ్గరే తీసి పక్కన పెట్టిస్తారు. వక్కలు ముక్కలై పొట్లాల్లో వస్తున్నాయి, పెన్సిలుకి మర వచ్చింది. ఎవరైనా ఇంటికొచ్చినా నా చాకుల్ని ఫోనులో ఫొటో తీసుకుని, ఇన్ని ఎందుకండీ అని అడుగుతారు. దేని మీద నలుపు ఎవరిదో చెబితే వినే ఓపిక ఎవరికీ లేదు, చెప్పబోయి నాలుగుసార్లు సిగ్గుపడి నేనే మానేశాను. ఏడేళ్లపాటు ఆయన అక్కడ నా బాధ పోగొట్టడానికి అరటికాయలు తరుగుతూ కూర్చుంటే, నేనిక్కడ ఆయనకి ఇంకా నా మీద కోపం తగ్గలేదనుకుంటూ కూర్చున్నాను. మా రెండిళ్లకీ మధ్య బస్సులో రెండు గంటల దూరం.