పడవలు సముద్రం మీద ఉండగా అనకూడని మాట

మొన్న బరంపురం ఆసుపత్రిలో నన్ను గదిలోంచి బయటికి పంపేశారు. పంపింది మా కోడలి వయసున్న ఒక డాక్టరమ్మ. నా కొడుకు కూతురికి పదిహేనేళ్లు, చిన్నతనంలోనే చక్కెర జబ్బు వచ్చింది, రోజూ సూది వేసుకోవాలి. అప్పటినుంచీ దాని చెయ్యి పట్టుకుని మా ఊరు సోనేపూర్ నుంచి బస్సులో తీసుకొచ్చేది నేను, అది ఏం తిన్నదీ, ఎప్పుడు కళ్లు తిరిగాయన్నదీ ఏకరువు పెట్టేది నేను. అలాంటి నాతో ఆ డాక్టరమ్మ, ఇకనుంచి అమ్మాయితో ముందు విడిగా మాట్లాడతాను, తన జబ్బు తనే చూసుకోవడం ఇప్పటినుంచే అలవాటవ్వాలి, తర్వాత మిమ్మల్నీ పిలుస్తాను అని ఒరియాలో ఎంతో మర్యాదగా చెప్పి తలుపు వేసేసింది. చెప్పొద్దూ, నాకు చిర్రెత్తుకొచ్చింది. దానికేం తెలుసు, నిన్నగాక మొన్న పాలపళ్లు ఊడిన పిల్ల, అని బెంచీ మీద కూర్చుని కాసేపు నాలో నేనే గొణుక్కున్నాను.

గొణుగుడు తగ్గాక ఆ మూసిన తలుపు వంక చూస్తుంటే ఇంకో తలుపు గుర్తుకొచ్చింది. అప్పుడు లోపల ఉన్నది నేను, బయటికి వెళ్లింది మా అమ్మ.

మాది ఒరిస్సా ఒడ్డున చేపల వేట మీద బతికే తెలుగు ఇల్లు. బియ్యం అయిపోయాయని అనలేక నిండుకున్నాయని అనే జాతి కదా మనది, మా నాయనమ్మ ఆ విషయంలో ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. మగవాళ్లు వేటకు వెళ్లి పడవ సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఆడవాళ్ల నోట 'బాగులేదు' అన్న మాట రాకూడదని ఆవిడ కట్టడి. వల చిరిగినా, కుండ పగిలినా, పిల్ల జ్వరంతో మూలుగుతున్నా, అడిగినవాళ్లకు బాగుందనే చెప్పాలి. చెడ్డమాట నోరు దాటిందంటే గాలిలో పడి పడవ దాకా పోతుందని ఆవిడ నమ్మకం. నవ్వకండి. మీలో ఒడ్డున పుట్టినవాళ్లుంటే, మీ ఇళ్లలోనూ ఇలాంటిదేదో ఒకటి ఉండే ఉంటుంది.

నాకు పదమూడో ఏట కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు, మోచేతులు వాచిపోయి, తగ్గినట్టే తగ్గి, వెళ్తూ వెళ్తూ గుండె మీద దెబ్బకొట్టి వెళ్లింది. నెలనెలా సూది వేయించాలని, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలని బరంపురంలో చెప్పారు. అమ్మ పాపం ఒక్కసారి కూడా మానకుండా తీసుకెళ్లేది. అయితే నాన్న రోజూ వేటలోనే ఉండేవాడు గనక, పిల్లకెలా ఉంది అని అక్కడ ఎవరడిగినా అమ్మ తనకొచ్చిన నాలుగు ఒరియా ముక్కల్లోంచి ఒకటే ఏరి చెప్పేది. భొలొ ఒఛి. అంటే బాగుంది అని. పక్కన నిలబడి నేను రొప్పుతూనే ఉండేదాన్ని. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదన్నది ఒకటి, నాయనమ్మ మాట నేనూ మనసారా నమ్మడం ఇంకొకటి.

అమ్మకు తెలియక కాదు. ఇసక మెట్ట ఎక్కలేక నేను మధ్యలో కూలబడితే, చేపల గంప దించి నన్ను పట్టుకుని నడిపించేది. పడుకుంటే ఊపిరి అందడం లేదంటే గోడకు చేరవేసి, వెనక తన చీరలు మడిచి పెట్టేది. చేయగలిగిందంతా చేసేది, ఆ ఒక్క మాట మాత్రం అనేది కాదు. మొగుడి ప్రాణం ఒకవైపు, కూతురి ఊపిరి ఒకవైపు పెట్టి ఆవిడ ఎలా నిద్రపోయేదో ఏమో.

నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా ఒకరోజు అలాగే వెళ్లాం. ఇంట్లోంచి బయల్దేరేటప్పటికే తూర్పుగాలి రేగింది, నాన్న అప్పటికే వేటకు పోయాడు. ఆ రోజు చూసింది తలపండిన ఒరియా డాక్టరమ్మ. ఎలా ఉందని అడిగింది, అమ్మ భొలొ ఒఛి అంది, ఆవిడ అమ్మను చూడలేదు, ఎగసిపడుతున్న నా గుండెలనే చూసింది. చూసి, అమ్మను కాసేపు బయట కూర్చోమంది. అమ్మ తలుపు దగ్గర ఒకసారి ఆగి నా వైపు చూసింది. చెప్పమనీ లేదు ఆ చూపులో, చెప్పొద్దనీ లేదు.

నీ ఒంట్లో ఎలా ఉందో నువ్వే చెప్పమంది డాక్టరమ్మ. నేను కిటికీ వైపు తల తిప్పుకున్నాను. ఆవిడ విసుక్కోలేదు, బయట అంత జనం ఉన్నా కలం పక్కన పెట్టి అలాగే కూర్చుంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. చెబితే నాన్న ఉండడు, చెప్పకపోతే నేనుండను, ఇదే నాకున్న లెక్క. ఎంతసేపు తన్నుకులాడానో గానీ, చివరికి నాకు బతకాలనిపించింది. అంతే, ఇంకే గొప్ప ఆలోచనా లేదు. ఒరియాలో మొదలుపెట్టి తెలుగులో పడ్డాను.

"బాగులేదమ్మా. మెట్టెక్కలేకపోతన్నాను. పడుకుంటే ఊపిరాడట్లేదు."

తెలుగు ఆవిడకూ అర్థమైంది, అన్నీ ఒక్కొక్కటే అడిగింది, మందులు మార్చింది, ఒంట్లో చేరిన నీరు పోవడానికి మాత్రలిచ్చింది. అమ్మను లోపలికి పిలిచినా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ గుర్తు కనిపిస్తే పరిగెత్తుకు రావాలో మాత్రం నాకే చెప్పి, నాచేత తిరిగి చెప్పించుకుంది. తిరుగు బస్సులో కూర్చున్నంతసేపూ నాన్నను నేనే చంపేశానని నాకు గట్టి నమ్మకం.

ఒడ్డుకు చేరేసరికి పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. మాది తప్ప. పొద్దు వాలేదాకా ఇసకలో కూర్చున్నాం, నాయనమ్మకు జరిగింది చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. అన్ని పడవల వెనక మా పడవ కనిపించినప్పుడు అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు ఒకటి చిట్లింది. నాన్న మోకాలి లోతు నీళ్లలోకి దిగీ దిగకముందే నేను ఏడుస్తూ ఎదురెళ్లి, ఆ మాట అనేశానని చెప్పేశాను.

నాన్న తలపాగా విప్పి నీళ్లు పిండుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"నోటిమాటకి ములిగిపోయే పడవైతే నానెక్కుతానేటే? తెడ్డు ఇరిగింది, అందుకే ఆలస్యమైంది, అంతే."

ఆ తెడ్డు సంగతి నాన్న చెప్పకుండా ఉండాల్సింది. సూసినావా, సూసినావా అంటూ నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. కానీ మనిషి మొండిదే గానీ రాతి గుండె కాదు. తెల్లారి నేను మాత్రలు వేసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుని, తన కట్టడికి తనే ఒక సందు తీసింది.

"ఇంటోలు అనకూడదు గానీ, నొప్పున్నోలు అనొచ్చు. ఎవులి ఒళ్లు సంగతి ఆలే సెప్పుకోవాల."

అప్పటినుంచీ ఆసుపత్రిలో అమ్మ బయట కూర్చునేది, నేను లోపలికి వెళ్లేదాన్ని. అమావాస్య వచ్చిందంటే సూది వేయించుకోవాలని నేనే గురుతు పెట్టుకున్నాను. ఆ గుండెతోనే పిల్లల్ని కన్నాను, ఊరి బాలవాడిలో ఎంతమంది చేతనో అక్షరాలు దిద్దించాను, ఇదిగో ఇప్పుడు మీకీ కబుర్లు చెబుతున్నాను.

అమ్మ మాత్రం ఆ సందులోంచి తను బయటికి రాలేదు. నాన్న తర్వాత మా తమ్ముళ్లు వేటకు వెళ్లారు, ఎవరో ఒకరు ఎప్పుడూ నీళ్ల మీదే ఉండేవారు. ముసలితనంలో కడుపులో ఏదో పెరుగుతున్నా, పోయేదాకా ఎవరడిగినా బాగున్నాననే అంది. చుట్టూ మేమందరం మూగి ఉండేవాళ్లం, మమ్మల్ని బయటికి పంపి ఆవిడను అడిగిన మనిషి దొరకలేదు. అమ్మను ఎవరో ఒకరు అలా అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. లోపలికి పిలిచి డాక్టరమ్మ నన్ను, అమ్మాయికి ఇంటి దగ్గర ఎలా ఉంటోందమ్మా అని అడిగింది. నా కొడుకు ఆ పొద్దున్నే వేటకు వెళ్లాడు. భొలొ ఒఛి అన్నది నాలుక చివరిదాకా వచ్చేసింది, చూడండి, ఇన్నేళ్ల తర్వాత కూడా. మింగేసి, దాన్నే అడగండి అన్నాను. మనవరాలు నా వైపు ఓరగా చూసి నవ్వింది.

బయటికి రాగానే అది ఫోన్ తీసి వాళ్ల నాన్నకు చేసింది. పడవ ఒడ్డుకు దగ్గరగా ఉన్నట్టుంది, ఫోన్ అందింది. బస్సు కోసం నిలబడ్డ జనం మధ్యలో గట్టిగా చెబుతోంది.

"నానా, బాగులేదు. ఈ నెల సుగర్ పెరిగింది. బడిలో సూది ఎగ్గొట్టినాను, డాక్టరమ్మకి నానే సెప్పేసినాను. డోసు మార్సినారు, నాను సూసుకుంటాను, నువ్వు బెంగెట్టుకోకు."

దాని నోరు మూయడానికి నా చెయ్యి దానంతటదే లేచింది. సగం దూరం వెళ్లి ఆగి, దాని జడ సర్దింది. ఆ మాట గాలిలో పడి తిన్నగా పడవ దాకా వెళ్లింది, అవతలినుంచి నా కొడుకు, సరేనమ్మా, సాయంత్రం చేపలు తెస్తాను అన్నాడు. మా అమ్మ వింటే ఎంత భయపడిపోయేదో. ఆ తర్వాత, సాయంత్రం పడవ వచ్చాక, ఎంత హాయిగా నిద్రపోయేదో.