నాలుగో నంబరు గొంతు

మా ఆయనకు చేతకాని పనులు చెప్పమంటే సాయంత్రం దాకా చెబుతాను. మేకు కొట్టడం రాదు, బేరమాడడం రాదు, పాలు పొంగకుండా చూడడం అసలే రాదు. వచ్చిందల్లా మాట్లాడడం ఒక్కటే. అదైనా ఇంట్లో కాదు, బస్టాండులో. టికెట్ల కౌంటరు పక్కన ఒక అద్దాల గది ఉండేది. అందులో మైకు ముందు కూర్చుని ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆయన ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో నన్ను తీసుకెళ్ళి ఆ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ గొంతు బిందెలోకి నీళ్ళు దిగుతున్నట్టు నిండుగా ఉండేది. హడావిడిగా పరుగెత్తేవాళ్ళు కూడా అది వింటే కాస్త నెమ్మదించేవాళ్ళు. ఈ గొంతు గల మనిషి నావాడా అని మురిసిపోయాను, దాచడమెందుకు!

ఆ ఉద్యోగం పోయింది. ఎలా పోయిందో చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. యంత్రాలకు గొంతులు అమ్మే కంపెనీవాళ్ళు వచ్చి, బస్టాండులో పెట్టబోయే కొత్త యంత్రానికి ఈయన గొంతే కావాలన్నారు. చల్లటి గదిలో కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లు, అంకెలు, మర్యాద మాటలు, కోపం మాటలు, అన్నీ చదివించుకున్నారు. కాగితాలు ముందు పెడితే ఈయన సంతకాలు చేసేశారు. "నా గొంతు కలకాలం ఉంటుందటే!" అని ఇంటికొచ్చి పొంగిపోయారు. గొంతు ఉంది, నిక్షేపంగా ఉంది. మనిషినే ఇంటికి పంపించారు. ఇప్పుడు బస్టాండులో యంత్రం ఆయన గొంతుతోనే మాట్లాడుతుంది. కంపెనీవాళ్ళు దానికి పెట్టిన పేరు నాలుగో నంబరు మగ గొంతు.

మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో నా ఇస్త్రీ బల్ల, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ బట్టల మూటలు. వెనక గదిలో మేము. నా ఇస్త్రీ పని ఇంటి అద్దెకు కూడా బొటాబొటీగా సరిపోయేది. బస్టాండు పార్సిల్ ఆఫీసు సూపర్‌వైజరు మంచివాడు. పాత స్నేహం కొద్దీ ఇంటికొచ్చి, "మా దగ్గర ఒక ఖాళీ ఉంది బాసూ. నెలాఖరు దాకా ఆపగలను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అన్నాడు. మూటలు ఎత్తి లారీలోకి వేసే పని. ఈయన నడుము అప్పటికే అంతంతమాత్రం. బరువులెత్తితే మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అయినా ఆ పని కూడా లేకపోతే మాకు ఇంకో దారి లేదు.

అప్పుడు మా అమ్మాయి ఒక దారి చెప్పింది. అది ఫోన్ల షాపులో పనిచేస్తుంది, దానికి లోకమంతా ఫోన్‌లోనే ఉంటుంది.

"నాన్నా, లైవ్ పెట్టు. నీలాంటి గొంతు ఎవడికుంది? జనం పెరిగితే డబ్బులు వాటంతటవే వస్తాయి."

"జనం ఎక్కడినుంచి పెరుగుతారే?"

"రోజూ ఒకే టైముకి రావాలి. నవ్వుతూ ఉండాలి. వచ్చినవాళ్ళని పేరు పెట్టి పలకరించాలి. అంతే నాన్నా."

అంతేనట! ఫోన్ నిలబెట్టే స్టాండు, మొహం మీద వెలుగు పడే గుండ్రటి లైటు షాపులో వాడేసి పక్కన పడేసినవి తెచ్చింది. నా ఇస్త్రీ బల్ల ఖాళీ చేయించింది. ఉతికిన దుప్పటి ఒకటి వెనకాల గోడకు కట్టింది. ఈయన నీటుగా తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఫోన్ ముందు నిటారుగా కూర్చున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టారు.

మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నాను. ఆ రోజు చూసినవాళ్ళు ముగ్గురు. నేను, మా అమ్మాయి, దాని షాపులో పనిచేసే పిల్ల.

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉంది. మైకు ముందు కూర్చునేవాడికి ఎవరూ తిరిగి జవాబు చెప్పరు కదా. చెప్పాల్సింది చెప్పేసి మీట నొక్కేయడమే ఆయన ఎరిగిన పని. లైవ్‌లో కూడా అదే చేసేవారు. "అందరూ కులాసాగా ఉన్నారా?" అని అడిగి, ఎవరైనా కింద ఏదైనా రాసేలోపే "ధన్యవాదాలు" అని కట్టేసేవారు.

"ఆగాలి నాన్నా! వాళ్ళు రాస్తారు, నువ్వు చదవాలి" అని అమ్మాయి మొత్తుకునేది.

"బస్సు ఆగదు కదమ్మా" అనేవారు ఈయన.

తల ప్రాణం తోకకొచ్చింది దానికి. నేను కూడా ఇస్త్రీ చేసుకుంటూ అరుస్తూనే ఉన్నాను. మెల్లమెల్లగా నేర్చుకున్నారు. అడగడం, ఆగడం, కళ్ళజోడు పైకి తోసుకుని కింద రాసినవి చదవడం. పాత కబుర్లు చెప్పేవారు. బస్సు తప్పిపోయినవాళ్ళవి, పెట్టె మర్చిపోయినవాళ్ళవి, పెళ్ళికొడుకు ఒక బస్సు, పెళ్ళివారు ఇంకో బస్సు ఎక్కినవి. చూసేవాళ్ళు వచ్చేవారు, వెళ్ళేవారు. ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. సంపాదన మొదలవ్వాలంటే ముందు ఇంతమంది మనల్ని అనుసరించాలని ఆ ఫోన్‌వాళ్ళకు ఒక లెక్క ఉందట. మేము ఆ లెక్క దరిదాపుల్లో కూడా లేము. నెల సగం గడిచింది. ఈయన కూర్చున్నచోటే నడుము పట్టుకుని చూసుకుంటూ ఉండేవారు, మూటలు ఎత్తగలనా అని.

అప్పుడు ఎవరో ఒకతను కింద రాశాడు. ఎక్కడో దూరదేశంలో ఓడలో వంటపని చేస్తున్నాడట. "బాబాయ్, మా ఊరి బస్సు వచ్చిందని ఒక్కసారి చెప్పవా?" అని రాసి, ఊరి పేరు పెట్టాడు.

ఈయన నిటారుగా కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ ఊరి పేరు చెప్పి, "వెళ్ళవలసిన బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. ప్రయాణికులు తమ సామాను జాగ్రత్తగా చూసుకొనవలెను" అన్నారు. నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ గొంతు! చొక్కా మీద గోధుమరంగు మచ్చ పడింది, ఆ తర్వాత దాని యజమానితో నానా మాటలూ పడ్డాను, అది వేరే సంగతి.

ఆ ఓడ మనిషి ఏడుస్తున్న బొమ్మలు వరసగా పెట్టాడు. తన తోటివాళ్ళందరికీ చెప్పాడు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. మా అమ్మమ్మ ఊరు చెప్పు బాబాయ్, మా చెల్లి అత్తారి ఊరు చెప్పు బాబాయ్, మా ఊరికి అసలు బస్సే లేదు, అయినా చెప్పు బాబాయ్. ఈయన చెప్పేవారు. ఏ ఊరి పేరునీ నలిపేవారు కాదు. ప్రతి ఊరికీ ఒక బస్సు వేసేవారు. ఆఖరి ప్లాట్‌ఫారం నుంచైనా వేసేవారు. జనం ఆయనకు "బస్సు బాబాయ్" అని పేరు పెట్టారు. ఫోన్‌లో పువ్వులు విసరడం మొదలైంది. ఆ పువ్వులు నెల తిరిగేసరికి డబ్బులవుతాయని అమ్మాయి చెప్పింది. ఫోన్‌వాళ్ళు పెట్టిన లెక్క దాటిపోయాం.

మా ఇల్లు ఇల్లులా ఉన్న రోజులవి. ఈయన వంటింట్లో కూడా పాటలు పాడేవారు. పార్సిల్ సూపర్‌వైజరు నెలాఖరుకు వచ్చి, "ఏమంటావు బాసూ?" అన్నాడు.

ఈయన నావైపు చూశారు. నేను, "మా ఆయన మూటలు ఎత్తరండీ. ఆయనకు ఆయన పని ఉంది" అన్నాను. గర్వంగానే అన్నాను. సూపర్‌వైజరు సంతోషించి, టీ తాగి వెళ్ళాడు. ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేశారు.

పువ్వులు డబ్బులుగా మారాల్సిన వారంలోనే అది జరిగింది. ఈయన ఏదో ఊరి పేరు సగం చెప్పారు. పెదాలు కదులుతున్నాయి, ఫోన్‌లో మాత్రం శబ్దం లేదు. "బాబాయ్ వినబడట్లేదు, బాబాయ్ వినబడట్లేదు" అని కింద అందరూ రాస్తున్నారు. కాసేపటికి తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు వచ్చాయి. అమ్మాయి పైకి చదివింది. ఈ ప్రసారంలో వేరేవారికి చెందిన గొంతును అనుమతి లేకుండా వాడినట్టు తేలిందట. అందుకని ప్రసారం ఆపేశారట, రాబడి కూడా నిలిపేశారట. గొంతు యజమాని అన్నచోట రాసి ఉన్నది: నాలుగో నంబరు మగ గొంతు.

"ఎవరిదే?" అన్నారు ఈయన.

"నీదే నాన్నా."

"మరి వేరేవాళ్ళదంటారేమే?"

అమ్మాయి ఆ అక్షరాలే మళ్ళీ మొదటినుంచి చదివింది. నాకైతే ఎవరిదో ఒకరి చెంప పగలగొట్టాలనిపించింది, కానీ ఎదురుగా మనిషెవరూ లేరు. ఫోన్ ఉంది, దుప్పటి ఉంది, గుండ్రటి లైటు ఉంది.

ఫిర్యాదు పెట్టాం. రుజువుకి గొంతు పంపమన్నారు. ఈయన శుభ్రంగా స్నానం చేసి, ఉదయంపూట గొంతు బాగుంటుందని కూర్చుని చదివి పంపారు. మీరు నమ్మరు, జవాబు ఏమొచ్చిందో వినండి. మీరు పంపిన గొంతు నాలుగో నంబరు గొంతుతో పూర్తిగా సరిపోయింది కాబట్టి మీ ఫిర్యాదును కొట్టివేస్తున్నాం అని! నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

ఇలా కాదని గొంతుల కంపెనీకే ఫోన్ చేయించాను. నాలుగు మాటలు నేనే అడుగుదామని స్పీకరు పెట్టమన్నాను. ఎత్తారు. "నమస్కారం. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది. దయచేసి వేచి ఉండండి" అని ఈయన గొంతు ఈయనతోనే చెప్పింది. నేను ఫోన్ కట్టేయబోయాను. ఈయన మాత్రం ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని మొత్తం విన్నారు. "ఆ 'ముఖ్యమైనది' దగ్గర కొంచెం తొందరపడ్డాను" అన్నారు. ఆ తర్వాత ఎంతసేపు వేచి ఉన్నా మనిషి ఎవరూ రాలేదు.

కంపెనీ ఆఫీసుకు కూడా వెళ్ళొచ్చాం. అక్కడి గుమాస్తా ఈయన సంతకాలు ఈయనకే చూపించి, గొంతు ఇచ్చేశారు కదండీ, ఇచ్చింది మళ్ళీ బయట వాడితే ఎలా అన్నాడు. మాట మర్యాదగానే అన్నాడు. మీరు ఇంట్లో మాట్లాడుకోవచ్చండీ, దానికి మాకేం అభ్యంతరం లేదు అని కూడా అన్నాడు.

సూపర్‌వైజరు దగ్గరికి నేనే వెళ్ళాను. తలదించుకుని నిలబడ్డాను. "ఇప్పుడేం లేదమ్మా. మనసులో పెట్టుకుంటాను" అన్నాడు పాపం. లోపల ఎవరో కుర్రవయసువాడు మూటలు బంతుల్లా విసురుతున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి ఇంకో ఉపాయంతో సిద్ధంగా ఉంది. దాన్నీ అనలేను, దాని కంగారు దానిది. "నాన్నా, పాత పువ్వుల డబ్బు పోయింది కానీ లైవ్ మళ్ళీ పెట్టనిస్తారట. గొంతు మార్చి మాట్లాడు. ఆ యంత్రం కనిపెట్టలేదులే." ఈయన ముక్కు పట్టుకుని, గొంతు పైకి లాగి, కీచుగా ఏదో అన్నారు. ఫోన్ నోరు మూసుకుని ఊరుకుంది. ఆపలేదు.

ఓడ మనిషి ఒకటి రెండు రోజులు వచ్చాడు. తన ఊరి పేరు కీచుగా విని, "ఏమైంది బాబాయ్?" అని రాశాడు. అసలు సంగతి చెబితే మళ్ళీ ఆపేస్తారేమోనని ఈయన చెప్పలేదు. అతను మళ్ళీ రాలేదు. ఊళ్ళు అడిగేవాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. వేరే రకం జనం వచ్చారు. నవ్వడానికి వచ్చారు. దగ్గు బాబాయ్, తుమ్ము బాబాయ్, కోడిలా కూయి బాబాయ్. ఈయనకు కొత్త పేరు కూడా వచ్చింది, కీచు బాబాయ్. గొంతు చీలినప్పుడల్లా పువ్వులు పడతాయి. రాలేదని మానేయడానికి లేదు, వచ్చిందని బతకడానికి లేదు, సరిగ్గా అంతే వస్తుంది. దానికోసం రోజూ ఆ దుప్పటి ముందు కూర్చుంటారు.

మొదట్లో లైవ్ అయ్యాక మామూలుగానే మాట్లాడేవారు. ఒకరోజు మధ్యలో ఏమరపాటున అసలు గొంతు వచ్చేసింది. రెండంటే రెండు మాటలు. వెంటనే హెచ్చరిక వచ్చింది, ఇంకొకసారి జరిగితే శాశ్వతంగా తీసేస్తాం అని. ఆ రోజునుంచి ఈయన ఇంట్లో కూడా కీచుగానే మాట్లాడుతున్నారు. అన్నం పెట్టమన్నా కీచే, నడుము మందు ఏదని అడిగినా కీచే.

"ఇంట్లోనైనా మనిషిలా మాట్లాడండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాను.

"అలవాటు తప్పితే అక్కడ జారిపోతుందే. ఉన్నది కూడా పోతుంది" అన్నారు, ఆ పాడు గొంతుతోనే.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇస్త్రీ పెట్టె చల్లబడింది. ఈయన ఫోన్ కూడా ఛార్జింగు లేక ఆరిపోయింది. అమ్మాయి షాపులో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాను. ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడెవరూ వినరు. నన్ను ఎప్పట్లా ఒక్కసారి పిలవండి" అన్నాను.

పెళ్ళయిన నాటినుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదాయన. ఏమోయ్ అంటారు. ఆ ఒక్క మాటకే నేను ఏ గదిలో ఉన్నా వచ్చేదాన్ని.

ఆయన నావైపు చూసి నవ్వారు. సరే అన్నట్టు తలూపారు. నీళ్ళు తాగారు, నిటారుగా కూర్చున్నారు, నోరు తెరిచారు.

"ఏమోయ్."

కీచుగా వచ్చింది. ఆయనే ఉలిక్కిపడ్డారు. మెడ నిమురుకుని, గట్టిగా దగ్గి, మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే. కళ్ళు మూసుకుని ఇంకోసారి అన్నారు. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు.

"అది రావడం లేదే" అన్నారు సన్నగా.

నేను పలికాను. "ఆ, వస్తున్నానండీ" అన్నాను, ఆయన పక్కనే కూర్చుని.