కట్టు దాటని దోనె

వెంకాయమ్మకు ఏలూరులో ట్రైనింగు ఇచ్చినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. మోచేతుల దాకా సబ్బుతో తోముకోమన్నారు, కత్తెర మరిగించమన్నారు, పసిబిడ్డ బొడ్డు మీద బూడిద చల్లనివ్వొద్దన్నారు. బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి ముందు బయటికొస్తే, తాను కెలక్కుండా వెంటనే ఆసుపత్రికి పంపమన్నారు. అన్నీ మంచి మాటలే. వైశాఖంలో కొల్లేటి లంక నుంచి ఎలా పంపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లలో వైశాఖంలో కొల్లేరు చూసినవాళ్లు లేరు.

ఆవిడ మొగుడు చేపలు పడుతూ పడుతూనే పోయాడు. మంత్రసాని పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారైతే అడ్డం తిరిగిన బిడ్డను చెయ్యి పెట్టి తిప్పేది. వెంకాయమ్మా తిప్పింది. బిడ్డలు బయటపడ్డారు గానీ, తల్లులు జ్వరంతో పోయారు. అందుకే జిల్లా బోర్డువాళ్లు ట్రైనింగుకు పిలవగానే ఏలూరు వెళ్లింది. తిరిగొచ్చాక లంకలో పసివాళ్లు వారం తిరక్కుండా కొంకర్లు పోయి చచ్చిపోవటం తగ్గింది. ఆడవాళ్లు మాత్రం కుండలో కత్తెర ఉడుకుతుంటే, "పులుసులోకి చింతపండు వెయ్యలేదేంటత్తా?" అని వేళాకోళం ఆడేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఊరి పెద్ద సోమరాజు కోడలు మంగకు తొలి కాన్పు. తెల్లారుతూ నొప్పులు మొదలయ్యాయి. ఎండ ఎక్కేసరికి బిడ్డ చెయ్యి కనిపించింది. వెంకాయమ్మ తన చేతులు వెనక్కి తీసుకుని బయటికొచ్చింది.

వేసవిలో లంకనుంచి ఒడ్డుకు ఒక్క బోదెలోనే, సన్నపాటి కాలువలోనే, నీళ్లు మిగులుతాయి. మిగతాదంతా బురద, బండి దిగబడే బురద. ఆ బోదెకు అడ్డంగా ఊరంతా కలిసి వెదురు తడికలు దించుతారు. అదే కట్టు. దాని వెనక చిక్కిన చేపే తొలకరి దాకా ఊరికి కూడు. పురిటి మనిషి ఉన్న దోనె కట్టు దాటితే ఆ ఏడు చేప నిలవదని వాళ్ల నమ్మకం.

వెంకాయమ్మ సోమరాజు ముందు నిలబడి, అరుగు మీదున్న మగవాళ్లంతా వినేలా చెప్పింది.

"బావగారూ, కట్టు విప్పించండి. దోనెలో అయితే పొద్దు వాలకముందే ఒడ్డెక్కుతాం. అక్కడ బండి దొరుకుద్ది."

సోమరాజు అడ్డంగా తలూపాడు. కిందటేడు సూర్రావు భార్య పైడమ్మకు ఇలాగే వస్తే, కట్టు విప్పటానికి వీల్లేదన్నది ఆయనే. పైడమ్మ లంకలోనే పోయింది. ఆ సంగతి అరుగు మీద ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు సూర్రావే. గుంపులోంచి ముందుకొచ్చి, తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"విప్పించండి పెద్దయ్యా. నా పెళ్లాం ఎలాగూ తిరిగి రాదు. చేప పోతే పస్తుంటాం, మాకేం కొత్త కాదు."

మిగతావాళ్లూ అవునన్నారు. ఆ క్షణాన ఊరంతా ఒప్పుకుంది, ఒక్క సోమరాజు తప్ప.

"నిన్ను కాదన్న నోటితో నా ఇంటి మనిషికి సరేననమంటావా? ఊరికో న్యాయం, నాకో న్యాయమా?"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, మాట మాత్రం మారలేదు. ఆయన ధర్మబుద్ధిని ఆ లంకలో ఈనాటికీ మెచ్చుకుంటారు. మెచ్చుకునేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు నొప్పులు పడలేదు.

వెంకాయమ్మ ఇంకా బతిమాలింది. తప్పంతా తన నెత్తిన వేసుకుంటానంది. చివరికి మంగ మొగుడు నూకరాజు లోపలికెళ్లి నులకమంచం పట్టుకొచ్చాడు. బోదె కాకపోతే బురదలోంచి, చుట్టూ తిరిగి మోసుకుపోతామన్నాడు. మంగను దాని మీద పడుకోబెట్టి నలుగురు భుజానికెత్తుకున్నారు. సూర్రావు అడక్కుండానే ఓ మంచంకోడు పట్టాడు.

బురద మోకాలు దాటి తొడల దాకా వచ్చింది. ఒక్కో కాలూ పీక్కుని వేసేసరికి మంచం ఒరుగుతోంది. వెంకాయమ్మ చీర ఎగదోపి పక్కనే నడుస్తూ మంగ మొహానికి తడిగుడ్డ అద్దుతోంది. ఎడమవైపు, కేకేస్తే వినిపించేంత దూరంలో, బోదెలో నీళ్లు మెరుస్తున్నాయి. నలుగురూ అటు చూడకుండా నడిచారు. మంగ మొదట అరిచింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత ఎండగా ఉందని ఒక్కసారి అంది.

నాడి పట్టుకుని చూడటం వెంకాయమ్మ ఏలూరులోనే నేర్చుకుంది. సగం దారిలో మంగ మణికట్టు పట్టుకుంది. వేళ్లు జరిపి మళ్లీ పట్టుకుంది. మెడ దగ్గరా చూసింది.

ముందూ వెనకా బురదే. మంచం దించటానికి చాపంత గట్టి నేల లేదు. నలుగురి భుజాలూ వణుకుతున్నాయి. ఇప్పుడు చెబితే వీళ్ల కాళ్లు నిలవవు.

నూకరాజు వెనక్కి తిరక్కుండా అడిగాడు. "చప్పుడు లేదేంటి పిన్నీ? ఎలా ఉంది?"

వెంకాయమ్మ మంగ మొహం మీదికి కొంగు లాగి, ఎండ తగలకుండా కప్పినట్టు సర్దింది.

"నడు నాయనా," అంది. "ఆగమాక."