మా వదిన నేర్చిన టీవీ హిందీ

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "నీ గురించి చెప్పు అమ్మమ్మా" అంటుంది. నా గురించి చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి. ఆమె హిందీ నేర్చుకోకపోయి ఉంటే, ఆ రోజుల్లో నా పిల్లలకి ఏం పెట్టి ఉండేదాన్నో నాకు తెలియదు.

వదిన అంటే మా ఆయనకి అక్క. కాపురం కుదరక పుట్టింటికి వచ్చేసి, ఇక వెళ్ళలేదు. ఆ తర్వాత మా ఆయన, తను తోలే బండల లారీయే తిరగబడి పోయాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, నా ఇద్దరు ఆడపిల్లలు. నడికుడి అవతల ఒక బండల ఫ్యాక్టరీలో ఇద్దరం పనికి కుదిరాం. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక నీళ్ళ తొట్టి, చుట్టూ బండల వరసలు. క్వారీ నుంచి వచ్చిన నాపబండ మీద ఇసకా నీళ్ళూ పోసి, గుప్పెట్లో పట్టే రాయితో నున్నగా తేలేదాకా రుద్దాలి. ఆరుగురం ఆడవాళ్ళం రుద్దేవాళ్ళం. సాయంత్రానికి వేళ్ళ చివర చర్మం ఉల్లిపొరలా అయ్యేది. అన్నం కలుపుకుంటే కారం చురచురలాడేది.

అది ఎనభైల్లోనే. మా పెద్దపిల్ల బడిలో చేరిన ఏడు పంచాయతీ ఆఫీసుకి టీవీ వచ్చింది. చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. పొద్దుగూకాక బంట్రోతు వచ్చి తాళం తీస్తే అందరం బయట చాపల మీద కూర్చుని చూసేవాళ్ళం. మా ఊరికి అప్పట్లో ఢిల్లీ నుంచి వచ్చే కార్యక్రమాలే అందేవి. అన్నీ హిందీ. కొన్నాళ్ళు జనం బొమ్మ కదలడమే గొప్పగా చూశారు. తర్వాత పాటలప్పుడు వచ్చి, ఫైటింగులు చూసి లేచిపోవడం మొదలుపెట్టారు. మా వదిన మాత్రం కూర్చున్న చోటు నుంచి కదిలేది కాదు.

పక్కింటి పెద్దమ్మ ఒకసారి అడిగింది. "ఏమే, ఏం అర్థమయ్యిద్దని అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావ్?"

"ఇయ్యాల కాలేదులే పెద్దమ్మా. రేపు అయ్యిద్ది."

ఆమె పద్ధతి ఆమెది. వార్తలు చదివే అమ్మాయి వస్తే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేది. "ఆ పిల్ల మొహంలో ఏదీ కదలదు. ఏడ్చే వార్తో నవ్వే వార్తో ఎట్టా తెలిసిద్ది?" అనేది. ప్రకటనలంటే మటుకు ప్రాణం. మేమంతా విసుక్కునే సబ్బు ప్రకటనా, పళ్ళపొడి ప్రకటనా ఆమెకి ఒకటో తరగతి పుస్తకాలు. వస్తువు చేతిలో పట్టుకుని చూపిస్తారు, అదే మాట రోజూ అంటారు, నేర్చుకోవడానికి ఇంకేం కావాలి అని ఆమె లెక్క. సీరియళ్ళలో మొహాలు చూసేది. అత్త కోపంగా ఏదో అంటే, కోడలు పోయి తలుపు వేస్తే, ఆ మాట తలుపు గురించేనని పట్టేది.

రోజుకి ఒక్క మాట. ఎక్కువైతే నిలవవు అనేది. మర్నాడు పనిలో ఆ మాటని మా అందరి మీదా రుద్దేది. తొట్టి దగ్గర ఆమే ఉండేది కాబట్టి, నీళ్ళు కావాలంటే "పానీ" అని అడగాల్సిందే. తెలుగులో అడిగిన వాళ్ళ వంక వినపడనట్టు చూసేది. "నీ హిందీ తగలెయ్య, బండ ఎండిపోతంది, పొయ్యవే" అని తిట్టేవాళ్ళం. తిడుతూనే మేమూ పది మాటలు నేర్చాం.

సీరియల్ కథలు కూడా చెప్పేది. రాయి రుద్దుతూ రుద్దుతూ, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎందుకు ఏడుస్తున్నారో విడమరిచి చెప్పేది. అందులో సగం ఆమె ఊహ. అయితే ఆమెలో నాకు నచ్చింది ఒకటుంది. వారం తిరిగేసరికి, ఎవరూ అడక్కుండానే, "పోయిన వారం నేను చెప్పింది తప్పే. ఆమె చెల్లెలు కాదంట, సవతంట. నేనే సరిగ్గా పట్టలా" అని ఒప్పుకునేది. తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గే ఉండేది కాదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ తప్పులు కూడా తగ్గిపోయాయి. ఆదివారం సినిమాకి మా వదిన పక్కన చోటు కోసం ఆడవాళ్ళు ముందే వచ్చి చాప వేసుకునేవాళ్ళు.

అప్పుడొచ్చింది మిషను కబురు. ఫ్యాక్టరీ ఓనరు మంచివాడే, దాపరికం లేదు. ఊళ్ళో అందరికీ బాబాయే, మాకూ బాబాయే.

"ఆడాళ్ళందరూ ఒకసారి ఇటు వినండమ్మా" అన్నాడు. "వచ్చే నెల్లో పాలిష్ మిషను దిగుద్ది. దానికి మగాళ్ళని పెట్టుకుంటా. మీరు వేరే పని చూసుకోండి. ముందే చెప్తన్నా, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు."

వేరే పని అంటే మిరపకాయ కోతలు. అవి ఉండేది కొన్నాళ్ళే. మిగతా ఏడాదంతా?

మిషనుతో పాటు రాజస్థాన్ వైపు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. తలకి పాగా, చెవులకి పోగులు. దాన్ని బిగించి, నడపడం నేర్పించి పోవాలి. మిషనుకి పొడుగాటి ఇనప చెయ్యి, దాని చివర గిర్రున తిరిగే చక్రం, చక్రం కింద రుద్దే రాళ్ళు. పిడి పట్టుకుని బండ మీద అటూ ఇటూ తిప్పాలి. ఓనరు ఇద్దరు బలమైన మగవాళ్ళని పెట్టాడు. మేస్త్రీ ఏదో అరుస్తున్నాడు, వాళ్ళు ఇంకేదో చేస్తున్నారు. పిడి మీద బరువంతా వేసి నొక్కారు. బండ ఫట్‌మని రెండు ముక్కలైంది. ఇంకోటి వేశారు. అదీ అంతే. మేస్త్రీ పాగా తీసి తల పట్టుకున్నాడు. ఓనరు మొహం చూడాలి అప్పుడు!

మేం ఆరుగురం ఓ పక్కన నిలబడి చూస్తున్నాం. మా వదిన కొంగు బిగించుకుని ముందుకెళ్ళి, మేస్త్రీని హిందీలో ఏదో అడిగింది. అతను గబగబా ఏదో అన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అన్నాడు. ఆమె మొహం వాడిపోయింది. వెనక్కి తిరిగి అంది.

"బాబాయ్, ఇతనికి హిందీ సరిగ్గా రాదు."

షెడ్డంతా ఒకటే నవ్వు. ఓనరు కూడా అంత కోపంలోనూ నవ్వాడు. "ఏమే, ఆ దేశంలో పుట్టినోడికి రాదు, పంచాయతీ టీవీ చూసిన నీకొచ్చా? పో, పోయి అవతల కూర్చో."

ఆమె వచ్చి కూర్చుంది. నాకూ సిగ్గేసింది, ఒట్టు. రెండేళ్ళ చదువు ఇంతేనా అనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. మేస్త్రీ ఒక్కడే మిషను నీడన రొట్టె తింటున్నాడు. మా వదిన చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. ఈసారి ఆమె తొందరపడలేదు. సీరియల్లో పెద్దింటి కోడలు మాట్లాడినట్టు, ఒక్కో మాట విడదీసి, మర్యాదగా అడిగింది. అతను నమలడం ఆపి ఆమె వంక చూశాడు. తర్వాత అతనూ అలాగే, ఒక్కో మాట తడుముకుంటూ, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు. కాసేపటికి వదిన నవ్వుతూ నా వైపు తిరిగింది.

"నేనన్నది నిజమేనే. వాళ్ళింట్లో మాట్లాడేది వేరే భాషంట. పొద్దున తిట్టిందంతా అందులోనే. ఈ హిందీ ఇతనూ వాళ్ళ ఊరి కొట్లో టీవీ చూసే నేర్చుకున్నాడంట!"

ఎక్కడో రాజస్థాన్‌లో కొట్టు ముందు నిలబడి ఇతనూ, మా పంచాయతీ ముందు చాప మీద ఈమే, ఒకే సబ్బు ప్రకటన చూసి నేర్చుకున్నారన్నమాట. ఇద్దరికీ పరాయి భాషే. అందుకే ఇద్దరూ అంత జాగ్రత్తగా మాట్లాడుకున్నారు. నాకు మాత్రం మా వదిన ఒక్కసారిగా ఎంతో ఎత్తు పెరిగినట్టు కనిపించింది.

ఓనరు రాగానే ఆమె చెప్పింది. "నొక్కకూడదంట బాబాయ్. బరువంతా మిషనే వేసిద్ది. పిడి ఊరికే నడిపించాలంట. ముందు గరుకు రాళ్ళు, తర్వాత నున్నటివి. నీళ్ళు ఆగకూడదంట."

అలా చేస్తే బండ పగల్లేదు. ఓనరు మొహం తేటపడింది. అప్పుడు నేను ఆమె చెవిలో అన్నాను. "వదినా, ఆడాళ్ళు నడపచ్చా అని అడుగు."

అడిగింది. మేస్త్రీ చాలాసేపు చెప్పాడు. వదిన గొంతు సవరించుకుంది. "వాళ్ళ దగ్గర ఆడాళ్ళు నడుపుతారంట. దీనికి బలం కాదు, చేతికి బండ తెలియాలంట."

ఓనరు కళ్ళు చిన్నవి చేశాడు. "ఇది అతని మాటా, నీ మాటా?"

"అతని మాటే. ఇంకోటి కూడా అన్నాడు." మా ఐదుగురి మొహాలూ చూసింది. "ఆరుగురు అక్కర్లేదంట. మిషనుకి ఇద్దరు, నీళ్ళకీ కడగడానికీ ఇద్దరు. నలుగురు చాలంట."

మిగతా వాళ్ళలో ఒకామె అక్కడే అరిచింది. "నిన్నెవరు చెప్పమన్నారే అది? మింగేస్తే ఏం పోయిద్ది నీ సొమ్ము?"

ఇంటికెళ్ళాక నేనూ అన్నాను. "ఆ ఒక్క ముక్క వదిలేసి ఉంటే సరిపోయేది కదా వదినా. ఎవరికి తెలిసిద్ది?"

"నాకు తెలిసిద్దిగా" అంది పిల్లలకి కంచాలు పెడుతూ. "అతను అన్నది చెప్పాలి. నాకు కావాల్సింది చెప్పే పనైతే హిందీ ఎందుకే, తెలుగే చాలు."

నాకు ఆ రాత్రి ఆమె మీద కోపమే. గౌరవం తర్వాత వచ్చింది.

మర్నాడు ఓనరు అన్నాడు, ఆడవాళ్ళనే ఒకసారి పట్టి చూడమని. మాకు నష్టమైన మాట కూడా చెప్పింది కాబట్టే, లాభమైన మాట నమ్మానన్నాడు. మేస్త్రీ మమ్మల్ని ఒక్కొక్కరిగా పిడి పట్టించాడు. చేత్తో రుద్దీ రుద్దీ మా వేళ్ళకి బండ ఎక్కడ పల్చనో, ఎక్కడ గుల్లో తెలుసు. నేను అలవాటుగా పల్చటి చోట చెయ్యి తేలిక చేశాను. మేస్త్రీ తల ఊపి వదినతో ఏదో అన్నాడు.

"మిషను మీద నిన్నే ఉంచమంటన్నాడు" అంది.

నేనూ ఇంకొకామే మిషను మీద, వదినా ఇంకొకామే నీళ్ళ దగ్గర. మిగతా ఇద్దరు కోతలకి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకామె వదినతో చానా కాలం మాట్లాడలేదు. వదిన ఆమెని తప్పు పట్టలేదు.

మేస్త్రీ వెళ్ళిన మర్నాడు మాకు మేమే నడిపాం. ఓనరు పొద్దున్నుంచీ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆయన లేచి కాఫీకి వెళ్ళినప్పుడు ఒక బండ అంచు దగ్గర పగిలింది. నా చేతుల్లోనే. కింద పెట్టేసి పైన ఇంకో బండ కప్పుదామా అని కూడా అనిపించింది, ఇప్పుడు మీ దగ్గర దాచడం దేనికి. వదిన ఆ ముక్కల్ని తీసి ఓనరు కుర్చీ ముందు, కనపడేట్టు పెట్టింది. ఆయన రాగానే అంది.

"ఒకటి పోయింది బాబాయ్. మాదే పొరపాటు."

ఆయన ముక్కల్ని చూశాడు, మిగతా వరసంతా చూశాడు. ఒంగి ఒక బండ మీద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రాశాడు. తర్వాత కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే రండి. నేను రాను, నాకు గురజాలలో పనుంది" అని వెళ్ళిపోయాడు.