ఎర్రబడిన పసుపు

ఆ నాలుగు డ్రమ్ములకు తప్పు లేబుళ్లు అంటించింది నేనే. ఈ సంగతి నా డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డిగ్రీ పూర్తయిన ఏడాది జూన్‌లో వడమాలపేట దగ్గరున్న ఒక రసాయనాల గోదాములో డిస్పాచ్ అసిస్టెంటుగా చేరాను. మూడేళ్లు పనిచేసి మానేశాను. ట్యాంకర్లలో వచ్చే ద్రవాలను అక్కడ నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపి, పుత్తూరు మొదలుకొని తడ దాకా ఉన్న చిన్న కర్మాగారాలకు పంపేవారు. డ్రమ్ములకు లేబుళ్లు, లారీకి కాగితాలు నా బాధ్యత. ఆఫీసులో నాకన్నా చిన్న హోదా ఎవరిదీ కాదు.

ప్రమాదకరమైన సరుకు రోడ్డెక్కాలంటే దాని మీద డైమండ్ ఆకారపు గుర్తు ఉండాలి. మంట అంటుకునే ద్రవాలకు ఎరుపు, విషానికి పుర్రె. చర్మాన్నీ లోహాన్నీ తినేసేవి ఆ వర్గీకరణలో ఎనిమిదో తరగతి. వాటి గుర్తు మీద ఒక చేయి, ఒక ఇనపపలక, రెండింటి మీదా చుక్కలు పడుతున్న బొమ్మ ఉంటుంది. మా దగ్గర ఎక్కువగా కదిలే సరుకు హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడా ద్రావణం. రెండూ ఎనిమిదో తరగతే. డ్రమ్ము అదే, బొమ్మా అదే. తేడా అంతా కింద అచ్చయిన పేరులోనూ, నాలుగంకెల యూఎన్ నంబరులోనూ ఉంటుంది. యాసిడ్‌కు 1789, కాస్టిక్‌కు 1824. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా ఆ నంబర్లు మారవు. ఒకదాంట్లో రెండోది పడితే ఉడుకెత్తి పైకి చిమ్ముతుంది. దగ్గరున్న మనిషి కళ్లు పోతాయి.

నింపే కుళాయి దగ్గరే, డ్రమ్ము కదలకముందే లేబులు అంటించాలన్నది మా గోదాము నియమం. నేను అలా చేసేదాన్ని కాదు. కుళాయి దగ్గర ఆరేడుగురు మగవాళ్లు ఉండేవారు. నేను వెళితే మాటలాపి చూసేవారు. అందుకని వాళ్లు భోజనాలకు లేచాక షెడ్డులోకి ఒక్కదాన్నే వెళ్లి, మేస్త్రీ మునిరత్నం ఒక్కో డ్రమ్ము మీద సుద్దతో రాసిన అక్షరం చూసి అంటించేదాన్ని. ‘యా’ అంటే యాసిడ్, ‘కా’ అంటే కాస్టిక్. ఆ ఎండవేళకు డ్రమ్ములు ఉబ్బి టప్‌మని మోగేవి, లోపల ఎవరో వేలిమడతతో తట్టినట్టు. కారణం తెలిసినా, నేను నడిస్తే ఆ చప్పుడు నా వెనకే వస్తున్నట్టూ, నేను ఆగితే ఆగినట్టూ అనిపించేది.

రెండో ఏడు ఆయుధపూజ ముందురోజు జల్లు కొట్టి, షెడ్డు అంచున ఉన్న నాలుగు డ్రమ్ముల మీద సుద్దరాత చెరిగిపోయింది. పక్కనున్నవన్నీ యాసిడ్. ఇవీ అవే అయి ఉంటాయనుకున్నాను. మేస్త్రీని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఆయన అందరి మధ్య కూర్చుని భోంచేస్తున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాలుగింటికీ 1789 అంటించాను. సాయంత్రం కూలీలు ఆ లేబుళ్లు చూసే వాటిని యాసిడ్ లారీకెక్కించారు.

లారీ తడ వైపు, ఇనుప సామాన్లకు పూత పూసే ఒక కర్మాగారానికి వెళ్లాలి. అక్కడ తొట్టిలో యాసిడ్ తగ్గినప్పుడల్లా ఒక మనిషి గట్టు మీద నిలబడి డ్రమ్ము వంచి పోస్తాడు. పోసేముందు పరీక్ష ఏమీ ఉండదు. అతనికి లేబులే పరీక్ష.

మర్నాడు మధ్యాహ్నం పూజ. మునిరత్నం తడి పసుపు పళ్లెంతో లారీ ఎక్కడం చూశాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. పట్టా కప్పడానికి వెనక నుంచి ఎక్కిన డ్రైవరు మణి ఎక్కినవాడు ఎక్కినట్టే ఆగిపోయాడు.

“మేస్త్రీ, ఇదేందప్పా! పసుపు పెట్టినావా, నెత్తురు పెట్టినావా?”

“కుంకం పడుంటాది లేబ్బా,” అన్నాడు మునిరత్నం కిందనుంచి.

“కుంకం గాదు. వచ్చి సూడు, కారతా ఉండాది. నేను బండి తీయను. పూజనాడు ఇట్లయితే ఒక తలకాయ తీసకనే పోతాది.”

“నీ తలకాయ ఎవురికి గావాలబ్బా, లోపలేముండాదని!” అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు.

నేనూ దగ్గరికి వెళ్లి చూశాను. ముందు వరసల డ్రమ్ముల మీద పసుపు పసుపుగానే ఉంది. చివరి వరసలో ఒక్కదాని మీద, మూత పక్కన, బొట్టు ముదురు ఎరుపుగా మారి కిందికి జారుతోంది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఏమవుతుందో ఇంట్లో బట్టలుతికిన ఎవరికైనా తెలుసు. సబ్బులో ఉండే గుణమే కాస్టిక్‌ది. యాసిడ్ తగిలితే పసుపు ఎర్రబడదు. ఆ మూత కింద ఊరుతున్నది యాసిడ్ కాదు. లేబులు ఒక మూల నా గోటినొక్కు అలాగే ఉంది. అప్పుడు ఆ డ్రమ్ము టప్‌మంది.

“అది యాసిడ్ కాదు. లేబులు తప్పు,” అన్నాను. పూజకు వచ్చి నిలబడ్డ మేనేజరు గారికి వినబడలేదు. అంతమంది ముందు రెండోసారి గట్టిగా అనవలసి వచ్చింది. ఎర్ర లిట్మస్ కాగితం తెప్పించి చూశారు. నీలమైంది. ఆ వరసలో నాలుగింటి దగ్గరా నీలమే అయింది. వాటిని దింపాకే మణి లారీ తీశాడు.

తప్పెవరిదన్న విచారణ పది నిమిషాల్లో ముగిసింది. లేబులు సుద్దరాతను బట్టి పడుతుంది, సుద్దరాత మేస్త్రీది. మునిరత్నానికి మెమో ఇచ్చారు. దాన్ని టైపు చేసింది నేను. ఆయన నా బల్ల దగ్గరే నిలబడి, చదవకుండా సంతకం పెట్టాడు. నేను నోరు విప్పలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: లేబులు చదివేవాడు మూత తెరిచి చూడడు. కాబట్టి అంటించేవాళ్లు కళ్లారా చూడాలి, తెలియకపోతే అడగాలి. మర్నాటి నుంచి మానేసేదాకా కుళాయి దగ్గరే నిలబడి అంటించాను. వాళ్ల చూపులు వారంలో అలవాటయ్యాయి.

చివరిరోజు మునిరత్నం ఒక్కడే కుళాయి కడుగుతున్నాడు. “అన్నా, ఆ నాలుగు డ్రమ్ములూ...” అని మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపాడు.

“నాకు తెలుసులే పాపా. ఆ నాలుగింటి మీద నేనేం రాసినానో నాకు తెలీదా? నాకు మెమోలు కొత్తగాదు. నీకైతే ఉద్యోగం పొయ్యుండు. దాన్ని ఇడ్సిపెట్టు.”

కుళాయి బిగించి, షెడ్డు వైపు చూశాడు.

“ఒకటే నాకు అంతుబట్టలేదు. ఆ పొద్దు నా పసుపు ముందు వరసల కాడికే అయిపోయినాది. ఆ డ్రమ్ముకి నేను పెట్టలేదు మా.”